భయానక రసం: స్వతంత్ర, విదేశీ హారర్ చిత్రాల ఆకర్షణ

ఉద్దేశం

తక్కువ ఖర్చుతో తీసిన చిత్రాలు, మనకు తెలియని భాషల్లోని చిత్రాలు ప్రేక్షకుణ్ణి ఎలా భయపెడతాయో, ఆ భయాన్ని మనం ఎందుకు కోరి తెచ్చుకుంటామో ఈ పాఠంలో తెలుసుకుంటారు. తెర మీది భయానికీ ఊళ్లో ఉన్న భయానికీ తేడా గుర్తించడం కూడా ఈ పాఠంలో భాగమే. నా దృష్టిలో అదే ముఖ్యభాగం.

పరిచయం

కొన్నేళ్ల కిందట సూర్యాపేటలో ఒక ఆదివారం కాంటాక్టు తరగతిలో రస సిద్ధాంతం చెబుతున్నాను. శృంగారానికి, వీరానికి, హాస్యానికి సినిమాల నుంచి ఉదాహరణలు అడిగితే గబగబా చెప్పారు. భయానకానికి అడిగితే కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరకు మిర్యాలగూడలో రైసు మిల్లులో పనిచేసే ఒక విద్యార్థి లేచి ‘ది వెయిలింగ్’ అనే కొరియా సినిమా పేరు చెప్పాడు. “భాష సమజ్ కాలేదు సార్. గానీ రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలే” అన్నాడు. కోదాడ నుంచి వచ్చే ఒక అమ్మాయి, తాను అలాంటి సినిమాలు దుప్పటి కప్పుకొని ఫోనులో చూస్తానంది. మరీ భయం వేస్తే ఏం చేస్తావమ్మా అని అడిగాను. “ఆపేస్తా సార్. కొంచెంసేపటికి మళ్లీ పెడతా” అంది.

తరగతి అంతా నవ్వింది. కానీ ఆ అమ్మాయి చెప్పిన మాటలోనే ఈ పాఠానికి కావలసిన ప్రశ్న మొత్తం ఉంది. భయం వేసి ఆపేసిన దాన్ని మళ్లీ ఎందుకు పెట్టుకుంటాం? పాము కనిపిస్తే పక్కకు తప్పుకుంటాం కాని, మళ్లీ కనిపించమని వెతుక్కుంటూ వెళ్లం కదా!

భయంలో ఆనందం ఎక్కడిది?

భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన 8 రసాలలో భయానకం ఒకటి. దాని స్థాయిభావం భయం. భయాన్ని పుట్టించే విభావాలుగా ఆయన వికృతమైన ధ్వనులను, భూతాలను చూడటాన్ని, నక్కల గుడ్లగూబల అరుపులను, అడవులను, శూన్యగృహాలను పేర్కొన్నాడు. ‘శూన్యగృహం’ అన్న మాట మీద కాసేపు ఆగండి. ఈనాటి హారర్ సినిమాల్లో సగం ఖాళీ ఇంట్లోనే మొదలవుతాయి. హాలీవుడ్ కనిపెట్టిందని మనం అనుకునేది మన నాట్యాచార్యుల జాబితాలో ఎప్పటి నుంచో ఉంది.

అయితే భయం రసం ఎలా అవుతుంది? దీనికి అత్యంత స్పష్టమైన సమాధానం కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు ఇచ్చాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ కాళిదాసు శాకుంతలంలోనిది. దుష్యంతుడి రథం వెంట తరుముతుంటే మెడ తిప్పి వెనక్కి చూస్తూ పరుగెత్తే జింక మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జింక భయాన్ని మనం అనుభవిస్తాం. కానీ ఆ భయం మనది కాదు, రాజుది కాదు, చివరకు ఆ ఒక్క జింకదీ కాదు. ఫలానా చోటు, ఫలానా సమయం, ఫలానా వ్యక్తి అన్న హద్దులు తొలగిపోయి, భయం ఒక్కటే మన ముందు నిలుస్తుంది. దీన్నే సాధారణీకరణం అంటారు. నా మీదికి వచ్చిన భయమైతే నేను పారిపోవాలి, లేదా ఎదిరించాలి. ఎవరిదీ కాని భయాన్ని మాత్రం నిలబడి చూడగలను. దాన్ని రుచి చూడగలను. దుప్పటి కింద ఫోను ఆపి మళ్లీ పెట్టే అమ్మాయి చేస్తున్నది ఇదే. భయం నిజంగా తన మీదికి వస్తోందనిపించినప్పుడు ఆపుతోంది. అది సినిమాయేనని మనసు కుదుటపడ్డాక మళ్లీ పెడుతోంది.

పాశ్చాత్యులలో అమెరికన్ తత్త్వవేత్త నోయల్ క్యారల్ 1990లో ప్రచురించిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ హారర్’ అనే గ్రంథంలో ఇదే ప్రశ్నను మరో వైపు నుంచి పట్టుకున్నాడు. హారర్‌లోని వికృతరూపం మనం చేసుకున్న వర్గీకరణలకు లొంగదు. అది బతికీ ఉండదు, చచ్చీ ఉండదు. పూర్తిగా మనిషీ కాదు, జంతువూ కాదు. అందుకే దాన్ని చూస్తే రోత, భయం కలుగుతాయి. అందుకే అదేమిటో తెలుసుకోవాలన్న కుతూహలమూ కలుగుతుంది. ఆ కుతూహలం తీరడంలోనే ఆనందం ఉందని ఆయన వాదం. నాకు అభినవగుప్తుడి మాటే లోతుగా అనిపిస్తుంది. కానీ పరీక్షలో మీరు ఇద్దరినీ రాయండి.

తక్కువ డబ్బు, ఎక్కువ భయం

పెద్ద నిర్మాణ సంస్థల పెట్టుబడి, పెత్తనం లేకుండా తయారైన సినిమాను స్వతంత్ర చిత్రం అంటాం. ప్రేమకథకో పౌరాణికానికో డబ్బు లేకపోతే అది లోపంగా కనిపిస్తుంది. హారర్‌కు చాలాసార్లు అదే బలమవుతుంది. ఎందుకో చూద్దాం.

1968లో జార్జ్ రొమేరో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిసరాల్లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీశాడు. ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. నలుపు తెలుపు చిత్రం, ఒక పల్లెటూరి ఇల్లు, పేరులేని నటులు. శవాలు లేచి ఇంటిని చుట్టుముడతాయి. తెరమీద తెలిసిన ముఖం ఒక్కటీ లేకపోవడం వల్ల ఎవరు బతుకుతారో ప్రేక్షకుడు ఊహించలేడు. మన పెద్ద సినిమాలో హీరో చావడని టికెట్టు కొనేటప్పుడే తెలుసు కదా! డ్యూయేన్ జోన్స్ అనే నల్లజాతి నటుడు అందులో ప్రధానపాత్ర ధరించాడు. చివరి దృశ్యంలో ఆ పాత్రకు జరిగేది ఆనాటి అమెరికా వార్తాపత్రికల్లో నుంచి నడిచి వచ్చినట్టే ఉంటుంది. ఇంకో మాట. పేరు మార్చేటప్పుడు హక్కుల ప్రకటన వేయడం మరచిపోవడంతో ఆ సినిమా ప్రజల సొత్తు అయిపోయింది. నిర్మాతలకు అది నష్టమే అయినా, మీరు దాన్ని ఏ తప్పూ చేయకుండా ఉచితంగా చూడవచ్చు.

చూపించకుండా భయపెట్టడం ఇంకో పద్ధతి. 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ స్టూడియో చిత్రమే అయినా చిన్న బడ్జెట్‌ది. అందులో ఒక స్త్రీ రాత్రి ఒంటరిగా నడుస్తూ ఉంటుంది. వెనక ఎవరో వస్తున్నట్టు అడుగుల చప్పుడు. చప్పుడు ఆగిపోతుంది. మృగం బుస కొట్టినట్టు ఒక్కసారిగా పెద్ద శబ్దం. తీరా చూస్తే వచ్చి ఆగిన బస్సు! మృగాన్ని చూపించడానికి అయ్యే ఖర్చు మిగిలింది, ప్రేక్షకుడికి గుండె ఆగినంత పనయ్యింది. నేటికీ ప్రతి హారర్ దర్శకుడూ వాడే ఉపాయం ఇది. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ తొలి చిత్రీకరణకు సుమారు 60,000 డాలర్లు ఖర్చయితే, ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల డాలర్లకు పైగా వసూలయ్యాయి. అందులో మంత్రగత్తె తెర మీద కనిపించనే కనిపించదు. ఓరెన్ పెలి ‘పారానార్మల్ యాక్టివిటీ’ని దాదాపు 15,000 డాలర్లతో తన సొంత ఇంట్లోనే తీశాడు. కదలని కెమెరా, నిద్రపోతున్న ఇద్దరు, తెరిచి ఉన్న తలుపు. ఆ తలుపునే మనం కళ్లార్పకుండా చూస్తూ ఉంటాం. డబ్బుతో కొన్న భూతం రెండోసారి చూస్తే బొమ్మలా కనిపిస్తుంది. మన మనసు తయారుచేసుకున్న భూతానికి మన సొంత భయాలే ముడిసరుకు కనుక, అది అంత త్వరగా పాతబడదు.

తెలుగులో ఈ దారి పట్టినవాళ్లు తక్కువ, లేకపోలేదు. రవిబాబు 2012లో ‘అవును’ను పెద్ద తారలెవరూ లేకుండా, కథను దాదాపుగా ఒక ఇంటికే పరిమితం చేసి తీశాడు. సాయికిరణ్ దర్శకత్వంలో 2022 నవంబరులో వచ్చిన ‘మసూద’ ఇంకా ఆసక్తికరం. భర్తకు దూరమై, కూతురితో అద్దె ఇంట్లో ఉంటూ బడిలో పాఠాలు చెప్పుకునే తల్లి. పక్కింట్లో పిరికివాడైన ఒక యువకుడు. సంగీత, తిరువీర్ ఆ పాత్రలు పోషించారు. కూతురిని ఏదో పట్టుకుంటుంది. మొదటి గంటలో దెయ్యం కన్నా ఇంటి అద్దె, ఆఫీసు, ఆస్పత్రి ఎక్కువగా కనిపిస్తాయి. కొందరు అది సాగదీత అన్నారు. నేను ఒప్పుకోను. ఆ తల్లికి అర్ధరాత్రి పిలవడానికి ఇంకెవరూ లేరని మనకు తెలిసిన తరువాతే ఆ ఇంటి చీకటి భయపెడుతుంది. ‘ప్రేమకథా చిత్రమ్’ తరువాత కొన్నేళ్లపాటు తెలుగులో దెయ్యం వచ్చిందంటే వెనకే నవ్వించే బృందం కూడా వచ్చేది. ‘మసూద’ ఆ ఊరటను చాలావరకు ఇవ్వలేదు.

ఇవి మన ఊళ్లకు ఎలా వచ్చాయి?

సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ వాటికి కాస్త దక్షిణంగా, రైలు మార్గం మీద ఉంది. ఈ ఊళ్లలోని థియేటర్లకు జపాను, కొరియా, ఇరాన్ సినిమాలు రావు. మరి ఎలా చూశాం? 1980ల్లో వి.సి.ఆర్.లు వచ్చాక చిన్నపట్టణాల్లో వీడియో పార్లర్లు వెలిశాయి. ఒక గది, ఒక టీవీ, కింద చాపలు. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ‘ది ఎగ్జార్సిస్ట్’ను అలాంటి గదిలోనే చూశాను. టేపు ఎన్నిసార్లు నకలు తీసిందో గాని బొమ్మ అలుక్కుపోయి ఉంది. ఆ అలుకుడే ఇంకా భయపెట్టింది.

ఆ టేపులు ప్రేక్షకులనే కాదు, దర్శకులనూ తయారుచేశాయి. రామ్‌గోపాల్ వర్మ దర్శకుడు కాకముందు హైదరాబాదు అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపాడు. ‘శివ’ తరువాత 1992లో రేవతి ప్రధానపాత్రలో తెలుగు, హిందీ భాషల్లో ‘రాత్రి’ తీశాడు. కొత్త ఇంటికి వచ్చిన మామూలు కుటుంబం, చనిపోయిన పిల్లిపిల్ల మళ్లీ కనిపించడం, ఇంటి కింద చీకటి గది. అంతకు ముందు మన తెరమీద దెయ్యమంటే తెల్లచీర, పాట, పాడుబడ్డ కోట. ‘రాత్రి’లో పాటలు లేవు. మణిశర్మ నేపథ్య సంగీతం, నేలబారుగా పాకుతూ వెళ్లే కెమెరా ఆ పని చేశాయి. విదేశీ చిత్రాన్ని చూసి నేర్చుకోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ సినిమా చూడండి.

తరువాత కేబుల్ టీవీ, సీడీలు, మెమొరీ కార్డులు వచ్చాయి. ‘కంజూరింగ్’ వరుస చిత్రాల వంటివి తెలుగు మాటలతోనే థియేటర్లకు వచ్చాయి. ఇప్పుడు అంతా ఫోనే. పార్లరులో భయాన్ని పక్కవాడితో పంచుకునేవాళ్లం. ఫోనులో ఒక్కరే మోయాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ చప్పుడు నేరుగా చెవిలోనే పుడుతుంది. చిన్న తెర కదా, భయం తగ్గుతుందని నేను అనుకునేవాణ్ణి. విద్యార్థులే నా పొరపాటు దిద్దారు.

పరాయి దెయ్యానికి మందు తెలియదు

మన దెయ్యాలు మనకు తెలుసు. కొరివి దెయ్యం ఎక్కడ ఉంటుందో, బ్రహ్మరాక్షసుడు ఎవరో, దిష్టి ఎలా తీయాలో, వేపమండ ఎందుకు కట్టాలో చిన్నప్పటి నుంచి వింటాం. సినిమాలో మాంత్రికుడు రాగానే సగం భయం తగ్గుతుంది. రోగం తెలిసింది, మందు తెలిసింది. విదేశీ సినిమాలో ఆ ఊరట లేదు. హిడియో నకాటా తీసిన జపాను చిత్రం ‘రింగు’ (1998)లో ఒక వీడియో టేపు చూసినవాళ్లు వారం రోజుల్లో చనిపోతారు. దానికి తాయెత్తు ఏది? ఏ దేవుడికి మొక్కాలి? నియమాలు తెలియని ఆటలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. విదేశీ హారర్ ఆకర్షణలో మొదటి భాగం ఈ తెలియనితనమే.

రెండో భాగం దీనికి ఎదురుగా ఉంటుంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆ పరాయి ఇల్లు మన ఇల్లులా కనిపించడం మొదలవుతుంది. కిమ్ జీ-వూన్ తీసిన ‘ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్’ (2003) ఒక కొరియా జానపద కథ ఆధారంగా వచ్చింది. సవతితల్లి, ఇద్దరు అక్కాచెల్లెళ్లు. ఇది మనకు కొత్త కథా? బాబక్ అన్వరీ పారశీక భాషలో తీసిన ‘అండర్ ది షాడో’ (2016) ఇరాన్–ఇరాక్ యుద్ధకాలపు టెహ్రాన్‌లో జరుగుతుంది. భర్త యుద్ధరంగానికి వెళ్లాడు. భార్యకు వైద్యవిద్య కొనసాగించే అవకాశం లేకుండా చేశారు. పై కప్పు మీద పేలని క్షిపణి పడింది. ఆ పగులులో నుంచి జిన్ను వచ్చిందని పాప అంటుంది. భయపడి బిడ్డతో వీధిలోకి పరుగెత్తిన తల్లిని, తలమీద ముసుగు లేదని పట్టుకుంటారు. ఇంట్లో జిన్ను, బయట పోలీసులు! ఎక్కువ భయపెట్టేది ఏదో మీరే తేల్చుకోండి. మన పొరుగునే మలయాళంలో రాహుల్ సదాశివన్ 2024లో నలుపు తెలుపులో తీసిన ‘భ్రమయుగం’ తెలుగులోకి కూడా వచ్చింది. పాడుబడ్డ ఇంట్లో చిక్కుకుపోయిన గాయకుడి కథలో దెయ్యం కన్నా కులం, అధికారం ఎక్కువగా మాట్లాడతాయి.

ఇక మిర్యాలగూడ విద్యార్థి చెప్పిన ‘ది వెయిలింగ్’. నా హాంగ్-జిన్ దర్శకత్వంలో 2016లో వచ్చింది. కొండల మధ్య ఒక ఊరు. వింత జబ్బు, హత్యలు. కొండమీద ఒంటరిగా ఉండే ఒక జపాను దేశస్థుడి మీద ఊరంతటికీ అనుమానం. పోలీసు ఉద్యోగి కూతురికి జబ్బు చేస్తుంది. అతడు భూతవైద్యుణ్ణి పిలిపిస్తాడు. డప్పులు, నిప్పు, బలి. “మా ఊరి కొలుపు లెక్కనే ఉంది సార్” అన్నాడా అబ్బాయి. ఆ సినిమా అసలు బలం అనుమానంలో ఉంది. ఎవరు దోషి అన్న విషయంలో ప్రేక్షకుడు మాటిమాటికీ మనసు మార్చుకుంటాడు. కథలోని వింతకు లౌకిక కారణం ఉందా, అలౌకిక కారణం ఉందా అని తేల్చుకోలేని ఊగిసలాటే ఇలాంటి సాహిత్యానికి ప్రాణమని తొదొరొవ్ అనే విమర్శకుడు 1970లోనే అన్నాడు. ఆ ఊగిసలాటను ఇంత కఠినంగా వాడుకున్న సినిమా నేను మరొకటి చూడలేదు.

తెర మీది భయం, ఊళ్లో భయం

ఇక్కడ పాఠాన్ని మన ఊళ్లలోకి తీసుకురాక తప్పదు. బాణామతి, చేతబడి అన్న మాటలు మనకు సినిమా మాటలు కావు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మన పత్రికల్లో మీరూ చదివే ఉంటారు.

నా చిన్నప్పుడు కోదాడ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. ఒక ఎండాకాలం పిల్లలకు వరసగా జ్వరాలు వచ్చాయి. ఆమె చూపు మంచిది కాదని ఎవరో అన్నారు. ఆమె దగ్గర మజ్జిగ పోయించుకోవడం మానేశారు. మేము ఆ ఇంటి ముందు నుంచి పరుగెత్తేవాళ్లం. ఒక తెల్లవారుజామున ఆమె మూట కట్టుకొని కూతురి ఊరికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఇల్లు పాడుబడింది. ఆ తరువాత అందులో దెయ్యం ఉందని మేమే కథలు చెప్పుకున్నాం. భరతుడి శూన్యగృహం గురించి ఎప్పుడు పాఠం చెప్పినా నాకు ఆ ఇల్లే గుర్తుకొస్తుంది. దాన్ని శూన్యం చేసింది మేమే కదా.

అభినవగుప్తుడి మాట ఇప్పుడు మళ్లీ చూడండి. రసంలోని భయానికి ఫలానా వ్యక్తి అన్న హద్దు ఉండదు. సినిమా చూసి ఇంటికి వెళ్లినవాడు పక్కింటి ముసలామెను అనుమానంగా చూశాడంటే, అది రసం కాలేదు, భయంగానే మిగిలిపోయింది. పైగా ఆ భయానికి ఒక చిరునామా కూడా దొరికింది. కనుక ఈ ప్రశ్న నీతికి సంబంధించినదే కాదు, కళకు సంబంధించినది కూడా.

తెలుగులో ఈ చర్చ పాతదే. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల పాఠకులను ఊపివేసినప్పుడు, అది మూఢనమ్మకాలను పెంచుతోందంటూ రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అనే పుస్తకమే రాశారు. ఆమె తీవ్రతతో మీరు ఏకీభవించనక్కర లేదు. ఆమె అడిగిన ప్రశ్నను మాత్రం దాటిపోలేం. 2021లో ఓటీటీలో వచ్చిన ‘మా ఊరి పొలిమేర’ తక్కువ వనరులతో పల్లె వాతావరణాన్ని చక్కగా పట్టుకుంది. మలుపులు బలంగా ఉన్నాయి. అయినా చేతబడి పనిచేస్తుందన్న లోకంలోనే ఆ కథ నడుస్తుంది. చూస్తున్నంతసేపూ నేను ఆనందించాను. చేతబడి నెపంతో మనుషుల్ని వెలివేసిన ఊళ్లో అదే సినిమా ఎలా వినిపిస్తుందో అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ ఇలాంటి నమ్మకాలకు వ్యతిరేకంగా చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడి, 2013 ఆగస్టు 20న హత్యకు గురయ్యాడు. ఆ చట్టం ఆ ఏడాది డిసెంబరులో వచ్చింది.

దెయ్యం సినిమాలు తీయకూడదని నేను అనడం లేదు. ‘ది వెయిలింగ్’లోనూ భూతవైద్యుడున్నాడు, అనుమానితుడున్నాడు. కానీ అనుమానించేవాడి వణుకునే ఆ సినిమా మనకు ఎక్కువసేపు చూపిస్తుంది. అది చూసినవాడు పక్కవాడి కన్నా ముందు తన మనసును అనుమానించుకుంటాడు.

అభ్యాసం

ఈ పాఠంలో పేర్కొన్న చిత్రాల్లో ఒకటి, మీకు తెలియని భాషలోనిది ఎంచుకోండి. ఏదైనా ఒక 10 నిమిషాల భాగాన్ని మొదట శబ్దం లేకుండా, తరువాత శబ్దంతో చూడండి. భయం ఎక్కడ పుట్టిందో, దానిలో బొమ్మ వంతు ఎంతో, శబ్దం వంతు ఎంతో రాయండి. తరువాత మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, మీ ఊళ్లో ‘అక్కడికి వెళ్లొద్దు’ అని చెప్పే ఒక ఇంటి గురించో చెట్టు గురించో తెలుసుకోండి. దెయ్యం కథ సరే, అంతకు ముందు అక్కడ ఎవరు ఉండేవారు, ఎందుకు వెళ్లిపోయారు అన్నది కనుక్కొని రెండు పేజీలు మించకుండా రాసి తరువాతి కాంటాక్టు తరగతికి తీసుకురండి. బతికి ఉన్నవాళ్ల పేర్లు మాత్రం రాయకండి.